రెండున్నర మీటర్ల కర్ర

ఐరాలలో ఆ ఇంటికి కొత్త సున్నం వాసనతో తెల్లవారింది. మేడ మీద గది పూర్తయింది. మునిరత్నమ్మ గడప కడిగి ముగ్గు వేసింది. కూతురు ప్రశాంతి పైగదిలో పెట్టుకోబోయే తన రెండు కుట్టుమిషన్లకూ నూనె వేసింది. మునిరామయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వసారా మూలనున్న ఎండు వెదురుకర్రను చేతిలోకి తీసుకున్నాడు. ఈవేళ పైగదికి మీటరు బిగించడానికి లైన్‌మన్ వస్తాడు.

మునిరామయ్య కూడా ఒకప్పుడు లైన్‌మనే. ఉద్యోగంలో చేరిన ఏడాది ఆ కర్రను సరిగ్గా రెండున్నర మీటర్లకు కోసుకున్నాడు. పై కొసకు ఎర్రరంగు పూసి, కింది కొసపై కాల్చిన మేకుతో ‘ము.రా.’ అని రాసుకున్నాడు. ఇంటి కప్పుకూ, పైనుంచి పోయే కరెంటు సర్వీసు తీగకూ నడుమ ఆ కర్ర నిలువునా పట్టాలి. పట్టకపోతే ఎవరి ఇల్లైనా సరే, ఎవరు బతిమాలినా సరే, మీటరుకు ఆయన ఒప్పుకునేవాడు కాదు.

ఈ గదికి స్లాబు పోసే ముందు కూడా, కాంక్రీటు కోసం పరిచిన పలకల మీద నిలబడి, స్లాబు మందం లెక్కలోంచి తీసేసి ఆయనే కొలిచాడు. వెనకింటి తిరుమలమ్మకు పోయే తీగ కింద కర్ర నిలువునా సరిగ్గా పట్టింది. “పోయండప్పా” అన్నాడు మేస్త్రీతో.

లైన్‌మన్ ధర్మేంద్ర వచ్చాడు. మునిరామయ్య చేతికింద పని నేర్చుకున్నవాడే. గది చూసి మురిసి, మునిరామయ్యతో కలిసి పై కప్పెక్కి, తన ఫైబరు కొలకర్ర ఎత్తాడు. మళ్లీ ఎత్తాడు. అతని ముఖం మారింది.

“సార్, రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్లే ఉండాది. అడుగు తక్కువ. మీటరు ఇయ్యలేను.”

“ఏందప్పా? నీ కర్ర పొరపాటు సెప్తా ఉండాది. నేను కొలిసినాను గదా!”

“మీరు నేర్పించిందే సార్. మీ మనవరాలు ఐశూని బుజాన ఎక్కించుకోని ఈడ నిలబడండి. బిడ్డ సెయ్యెత్తితే తీగ తగల్తాది.”

 మెట్ల దగ్గర నిలబడిన ప్రశాంతి రెండడుగులు ముందుకు వచ్చింది.

“ఊరందరి ఇండ్లూ కొలిసినావు నాయనా. నా గదికి వచ్చేసరికే తప్పిందా? పండగకు జాకెట్లు కుట్టి ఇస్తానని పదిమందికి మాటిచ్చినాను. కండ్లు సరిగ్గా కనపడలేదని ముందే సెప్పుంటే వేరే ఎవురినైనా పిలిచుందుము గదా!”

“కండ్లు బాగానే ఉండాయి.”

“అట్లయితే అడుగు యాడికి పోయింది?”

 గాలికి తీగ ఊగింది. ఆయన చేతిలోని కర్రను కింద పెట్టాడు. తన కళ్ల మీద, తన చేతుల మీద, గడిచిన అన్ని సంవత్సరాల మీద మొదటిసారి ఆయనకు అనుమానం వచ్చింది. పిట్టగోడ పక్కన కూలబడ్డాడు.

కింద ఐశూ ఏడ్చింది. ప్రశాంతి కళ్లు తుడుచుకుంటూ దిగి, తన ఏడాదిన్నర బిడ్డను చీర ఉయ్యాలలో వేసింది. చీర మూసుకుపోకుండా అడ్డంగా పెట్టిన కట్టెను సవరించబోతే వేలికి గరుకుగా ఏదో తగిలింది. వంగి చూసింది. కట్టె కొస మీద నల్లని గీతలు. ము. రా.

“అమ్మా! ఈ కట్టె యాడిది?”

వంటింట్లోంచి వచ్చిన మునిరత్నమ్మ చేతిలోని గరిటె ఆగిపోయింది.

“ఐశూ పుట్టిన నెల... చీర బిడ్డ మొకాన పడతా ఉండె. మీ నాయన సంతకు పోయినాడు. మూలన కర్ర కనిపించింది, కింద అడుగు కోసినాను. రిటైరైన మనిసికి ఇంక కొలిసే పనేముందిలే అనుకుంటి గానీ...” ఆమె చెంగు నోటికి అడ్డుపెట్టుకుంది. “గది కట్టే మాట వచ్చేనాటికి నేనే మర్సిపోయినాను తల్లీ.”

నిద్రలోకి జారుతున్న బిడ్డను భుజాన వేసుకుని, ఆ కట్టె తీసుకుని ప్రశాంతి మెట్లెక్కింది. నాయన పక్కన కూర్చుని, కర్ర కింది కొసకు కట్టెను ఆనించింది. రెండూ అతికినట్టు సరిపోయాయి. “ఉయ్యాలకని అమ్మ కోసింది నాయనా.”

మునిరామయ్య ఆ అతుకును వేలితో తడిమి చూశాడు. తీగ వైపు పైకి చూడడమే ఆయనకు అలవాటు. కర్ర కింది కొసను చూసే అలవాటు ఎన్నడూ లేదు.

“నాయనా, నోరు జారినాను. నీ కండ్లను అన్నాను.”

“అననీలే. కొలిసే కర్రను సూసుకోకుండా కొలిసింది నేనే గదా.” ఆయన బిడ్డ వీపు నిమిరాడు. “అడుగు యాడికీ పోలేదమ్మా. ఉయ్యాల్లోనే ఉండాది.”

ప్రశాంతి నవ్వబోయి ఏడ్చింది. కింది మెట్టు మీద మునిరత్నమ్మ కూడా.

ధర్మేంద్ర గొంతు సవరించుకున్నాడు. “తిరుమలమ్మ ఇంటి గోడకు ఎత్తయిన పైపు వేసి, స్తంభం కాడ కూడా తీగను పైకి కడితే సరిపోతాది సార్. అర్జీ రాసియ్యండి.”

మునిరామయ్య అక్కడే, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాడు. చివర అడగని మాట ఒకటి చేర్చాడు: ‘కొలిచినది నేనే. పొరపాటు నాదే.’ ప్రశాంతి ఆ వాక్యం మీద చేయి అడ్డం పెట్టింది. ఆయన మెల్లగా ఆ చేయి తీసేసి సంతకం చేశాడు.

“కట్టెను కర్రకు అతికించేదా నాయనా?”

“వద్దు. ఐశూ నిద్రపోవాల గదా. నేను వేరే కర్ర కోసుకుంటాను. ఈసారి కింది కొస నువ్వు సూడు.”

పది రోజులకు తీగ పైకి లేచింది. ధర్మేంద్ర కొలిచాడు, ప్రశాంతి కొలిచింది, మీటరు తిరిగింది, పైగదిలో మిషను పాడింది. సాయంత్రం మునిరామయ్య మనవరాలిని భుజాన ఎక్కించుకుని కప్పు మీద నిలబడ్డాడు. ఐశూ తీగ మీది పిచ్చుకను చూసి, కేరింత కొట్టి, చేయి పైకెత్తింది.

ఆ చిట్టి చేతికీ తీగకూ నడుమ, సరిగ్గా ఉయ్యాల కట్టె పట్టేంత ఆకాశం మిగిలింది.