పన్నెండో రీలు

“పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆగస్టు పద్నాలుగు, శనివారం, మొదటి ఆట. ఇంటర్వెల్లో అల్లప్పచ్చడితో పునుగులు తిన్నాను” అన్నాడు తారకేశ్వర్.

డాక్టర్ నవనీత ఆ రెండు ముక్కలూ యంత్రానికి అందించింది. జ్ఞాపకదర్శినికి తేదీ ఒక్కటే చాలదు, తిండి కూడా కావాలి. తేదీలు కలగాపులగమైపోతాయి గాని నాలుక నడిచిన దారి అంత తొందరగా చెరగదు. ఆ రుచి తలపుకు రాగానే మేలుకున్న నాడీకణాల వెంట న్యూరల్ స్కానర్ నడిచి, ఆ పూట కళ్లు చూసిందీ చెవులు విన్నదీ తెరమీద పరుస్తుంది. ఊహించుకున్నదీ, ఎవరో చెప్పగా విన్నదీ దానికి దొరకవు. 2059 నాటికి కోర్టుల్లో సాక్షి బోను పక్కన అది మామూలు సామానైపోయింది. చీరాలలోని చక్రధరం అభిమాన సంఘం దాన్ని తెప్పించింది మాత్రం ఒక సినిమా కోసం.

దర్శకుడు చక్రధరం పోయి ఇరవై ఎనిమిదేళ్లు. ఏటా వర్ధంతినాడు కూడి, ఆయన సినిమాల్లో ఏది గొప్పదో వాదించుకుని, ఏదీ తేలకుండానే టీ తాగి విడిపోవడం వాళ్ల ఆనవాయితీ. ‘తొమ్మిదో బోగీ’ అనేవాళ్లు ఇద్దరు ముగ్గురున్నా ఎక్కువమంది ఓటు ‘సున్నపుగోడ’కే. దాని ప్రింట్లన్నీ గోడౌన్లో వరదనీళ్లకు పోయాయి. చూసినవాళ్ల తలల్లో తప్ప ఆ సినిమా ఇప్పుడెక్కడా లేదు.

కథానాయిక ట్రంకుపెట్టె పట్టుకుని ఇల్లు విడిచిపోతుంది. తెర నల్లబడుతుంది. ‘శుభం’ అని కూడా పడదు. ఆ ముగింపు మీదే సంఘం రెండు పుస్తకాలు అచ్చేసింది.

నిరుడు వేటపాలెం నుంచి కరీముల్లా అనే ముసలాయన వచ్చి చేరాడు. “ఆఖర్న ఆమె తిరిగొచ్చి తలుపేసుకుంటది గదా” అన్నాడు.

సంఘం అధ్యక్షుడు పోలిశెట్టి పకపకా నవ్వాడు. “ఇంట్లోంచి పోకముందే ఆమెకొచ్చే కలయ్యా అది! నువ్వు సినిమా చూళ్లేదు. ఎవరో చెప్పింది విన్నావు.”

అప్పటినుంచీ తారకేశ్వర్‌కు నిద్ర సరిగా పట్టడంలేదు. ఆరేళ్ల కిందట పోయిన భార్య హైమవతిదీ వేటపాలెమే. పెళ్లయిన కొత్తలో ఆమె చెప్పిన ముగింపూ ఇదే. భర్తకిష్టమైన సినిమా గనక తనూ చూశానంటోందని అతను అనుమానించాడు. ఒక వర్ధంతినాడు అందరిముందూ, “మా ఆవిడ సినిమా చూళ్లేదండీ, కథ విన్నది” అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మరెప్పుడూ మీటింగుకు రాలేదు. ఏటా అతని చేతికి టీ ఫ్లాస్కు మాత్రం నింపి ఇచ్చేది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

కరీముల్లాది అబద్ధమని తేలితే తన అనుమానం నిలబడుతుంది. నిజమని తేలితే ఆమె మాట నిలబడుతుంది. ఏది కోరుకోవాలో తెలియకుండానే తారకేశ్వర్ తన వంతు ముగించి పక్కకు జరిగాడు. అతని జ్ఞాపకంలోని సినిమా, సంఘం చెప్పినట్టే ఉంది. తలుపు మూసుకోవడం ముందు, ఇల్లు విడిచిపోవడం తర్వాత.

“చూశావా?” అన్నాడు పోలిశెట్టి. “ఇప్పుడు నీ బండారం చూద్దాం, రావయ్యా.”

కరీముల్లా కుర్చీలో కూర్చున్నాడు. “అదే రోజు, అదే ఆట. తినలేదమ్మా. సోడా తాగా.”

“ఎక్కడ కొన్నారు?” అని అడిగింది నవనీత.

“కొనడమేంది? ఊరికే ఇచ్చారు.”

తారకేశ్వర్ తల చటుక్కున పైకెత్తాడు.

తెరమీద వేటపాలెం హాలు వెలిగింది. బొమ్మ ఆగి ఉంది, లైట్లు వేసి ఉన్నాయి. ఆపరేటరు గది కంతలోంచి ఒకాయన తల బయటపెట్టి అరుస్తున్నాడు: “చీరాలోళ్లు పన్నెండో రీలు పంపిచ్చారు, పదకొండోది ఇంకా రాలా! వరస తప్పి నేనెయ్యను!” హాలు ఓనరు స్వయంగా పెట్టె మోస్తూ బెంచీల మధ్య గోలీసోడాలు పంచుతున్నాడు.

రెండూళ్లకూ కలిపి ఒకటే ప్రింటు, ఆడిందీ ఆ ఒక్క ఆటే. చీరాలలో ఆడిన రీలు ఆడినట్టు మోపెడ్ మీద వేటపాలెం వెళ్లేది. చీరాల ఆపరేటరు ఆఖరి రెండు రీళ్లూ తారుమారు వేసి, ఆడినవాటిని ఆ వరసలోనే పంపాడు. వేటపాలెంవాడు పదకొండోది వచ్చేదాకా ఆగి, వరసలో వేశాడు. అరవయ్యేళ్లుగా చీరాలవాళ్లు మెచ్చుకుంటున్నది ఒక ఆపరేటరు పొరపాటును.

“ఊరికే సోడాలిచ్చే హాలు ఎక్కడుందోయ్!” అని, సినిమాలో సోడా ఊరికే ఇచ్చారన్న హైమవతిని ఆటపట్టించిన మాట తారకేశ్వర్‌కు ఇప్పుడు తన గొంతులోనే వినిపించింది.

తెరమీద ఎడమ పక్కన స్త్రీల బెంచీలు మసగ్గా ఉన్నాయి.

“అమ్మా, కాస్త అటు తిప్పడం కుదరదా?” అని అడిగాడు తారకేశ్వర్.

“ఆయన అటు చూడలేదండీ. చూసిందే వస్తుంది” అంది నవనీత.

కరీముల్లా నొచ్చుకున్నాడు. “ఆ వయసులో సిగ్గు సార్, ఆడోళ్ల వైపు చూడాలంటే. తెలిస్తే చూసుండేవాణ్ణి.”

ఆ ఒక్క మాటకు తారకేశ్వర్ కళ్లు చెమర్చాయి.

పోలిశెట్టి మాత్రం లేచి నిలబడ్డాడు. “ఏమ్మా, ఈ మిషన్ని ఇంతకుముందు వేటపాలెం తీసకపోయారా?”

“లేదండీ.”

“మరి వాళ్లకే ఎట్టా అనుకూలంగా చెప్పుద్ది? ఇందులో ఏదో మతలబుంది. వచ్చే ఏడు ఇంకో మిషన్ తెప్పిచ్చి దీన్ని పరీక్ష చేపిద్దాం!”

చీరాలవాళ్లంతా చేతులెత్తారు. నవనీత వైర్లు చుట్టుకుంటూ తారకేశ్వర్‌తో మెల్లగా అంది: “ఏ ఊరెళ్లినా ఇంతేనండీ. అనుమానం తీర్చమని పిలుస్తారు. తీరాక యంత్రాన్ని అనుమానిస్తారు.”

“నువ్వు చెయ్యెత్తలేదేందయ్యా? నీ మాటేంది, ఏది ముగింపు?” అన్నాడు పోలిశెట్టి.

“మా ఆవిడ చూసింది” అన్నాడు తారకేశ్వర్. అందరికీ వినబడేలా మళ్లీ అన్నాడు. “మా ఆవిడ ఆ సినిమా చూసింది.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇల్లు చేరేసరికి దీపాల వేళయింది. అడుగుల చప్పుడు గుర్తుపట్టి తలుపు దానంతటదే పక్కకు జరిగింది. అతను లోపలికి వచ్చి, అది మూసుకోబోతుంటే సెన్సర్ ఆపేశాడు. ఖాళీ ఫ్లాస్కు బల్లమీద పెట్టాడు.

“ఊరికే ఇచ్చారంటగా” అన్నాడు, ఆమె ఎప్పుడూ కూర్చునే కుర్చీతో.

వెనక్కి గుమ్మం దగ్గరికి వచ్చి, చప్పుడు కాకుండా చేత్తోనే తలుపు మూశాడు.