మారుమనుషుల టిఫిను

ఉప్మా బ్రహ్మాండంగా ఉందని ముగ్గురూ ఒప్పుకున్నారు. నిజానికి అందులో ఉప్పు లేదు.

"ఇంకాస్త పెట్టనా కిన్నెరా?" అంది సువర్చల.

"పెట్టమ్మా," అంది తొమ్మిదేళ్ల కిన్నెర.

"ఇల్లు మారే హడావుడిలో కూడా ఇంత బాగా ఎలా చేశావోయ్?" అన్నాడు విశ్వేశ్వరం.

అంత అన్యోన్యమైన కుటుంబం కాకినాడ మొత్తమ్మీద ఇంకోటి లేదు. అయితే బల్ల దగ్గరున్నది సువర్చల కాదు, ఆమె మారుమనిషి. అసలు సువర్చల స్టోర్‌రూంలో తలుపేసుకుని, ఖాళీ బియ్యం డబ్బా మీద కూర్చుని నవల చివరి అధ్యాయం రాస్తోంది.

మారుమనుషులనే ఈ మరబొమ్మలు వచ్చాకే లోకానికి తీరిక దొరికింది. పెళ్లిళ్లకూ మీటింగులకూ పరామర్శలకూ అవే వెళ్లేవి. యజమాని ముఖం, గొంతు, ఒంటి వెచ్చదనం, ఆఖరికి చిరాకు కూడా అచ్చుగుద్దినట్టు దింపేసేవి. తిన్నదంతా పొట్టలోని సంచిలో పడేది. దాన్ని యజమాని తర్వాత గుట్టుగా పెరట్లో కుమ్మరించుకోవాలి. సువర్చల పెరట్లో కరివేపాకు మొక్క మేడ దాటి ఎదిగి పక్కవీధికి నీడనిస్తోంది. నేల సారం అలాంటిదనుకుందామె. తన ఒక్కదాని ఉప్మాతో ఏ మొక్కా అంత ఎదగదని మాత్రం తట్టలేదు.

సముద్రం రెండు వీధుల అవతలికి వచ్చేసింది. అందుకే ఇవాళ పెద్దాపురం కొండమీది కొత్తింటికి మారుతున్నారు. అక్కడ ఆమె కోసం ఒక మౌనగది సిద్ధమవుతోంది. దాని తలుపు వేస్తే ఇటు మాట అటు పోదు, అటు మాట ఇటు రాదు. బిడ్డ ఏడుపుకీ కుక్కరు కూతకీ మధ్య రాసుకుంటూ ఆమె ఎన్నాళ్లనుంచో కలగన్న గది అది. తీరా నిన్న ఆ సంగతి ఎత్తితే ఇద్దరూ అడ్డం పడ్డారు.

"గాలాడదే," అన్నాడు విశ్వేశ్వరం.

"గాలి గొట్టం పెడతారు కదండీ."

"గొట్టంలోంచి బల్లులొస్తాయి."

"దెయ్యాలు కూడా," అంది కిన్నెర.

"నేను రాయడమే మీకు ఇష్టం లేదు. ఆ ముక్క చెప్పెయ్యండి."

ఇద్దరూ తలలు దించుకున్నారు. కాదని ఒక్కరూ అనలేదు. పొద్దున్నుంచీ ఆమె దాన్నే నెమరేసుకుంటోంది. ఈ అధ్యాయం అయిపోతే కొత్తింట్లో ఇక కాగితం ముట్టుకోనని నిశ్చయించుకుంది.

రాసిన ప్రతి వాక్యం పైకి చదువుకుంటేగానీ ఆమెకు ముందుకు సాగదు. "మునిగిపోయిన ఊరి మీదుగా పోలమ్మ పడవ వెళుతోంది," అని చదువుకుంది. "పోలమ్మ తెడ్డు పక్కన పెట్టి, నీళ్లలోకి వంగి చూసింది..."

సరిగ్గా అప్పుడే సామాన్లు ఎక్కించే సత్తిరాజు హాల్లోకి వచ్చాడు. మారుమనుషుల్ని ఆపేశాకే బండెక్కించాలని రూలు. లేకపోతే దారి పొడుగునా డ్రైవరుకి సలహాలిస్తాయి. సత్తిరాజు ఇల్లంతటికీ పనిచేసే ఆపుడుమీట నొక్కాడు. మరుక్షణం కెవ్వుమన్నాడు.

"అమ్మో! ఇంటిల్లిపాదీ కొయ్యబారిపోయారండి బాబో! నేనేం చెయ్యలేదండి, ఒట్టండి!"

సువర్చల గభాల్న తలుపు లాగింది. తలుపుకు వీపు ఆనించి కూర్చున్న భర్త వెల్లకిలా గదిలోకి పడ్డాడు. అతని మీద కూతురు పడింది. కూతురి మీద బిస్కెట్లు పడ్డాయి.

అవతల హాల్లో ఆమె కుటుంబం చెంచాలు గాల్లో ఉంచి, ఒకరినొకరు ఎంతో ప్రేమగా చూసుకుంటూ బిగుసుకుపోయి ఉంది.

"మీరిద్దరూ ఇక్కడేం చేస్తున్నారు?"

"అసలు నువ్విక్కడేం చేస్తున్నావ్?" అన్నాడు విశ్వేశ్వరం పడుకునే, పెద్దరికం వదలకుండా.

"అదంతా తర్వాత. పోలమ్మ చచ్చిపోద్దా అమ్మా? ముందది చెప్పు," అంది కిన్నెర.

"ఎన్నాళ్లనుంచీ?" అంది సువర్చల.

"కిందటి నవల్లో దొంగ కంసాలి ఉన్నాడు చూడు, ఆయన దగ్గర్నించీ," అంది కిన్నెర.

"బల్ల దగ్గరున్నది నువ్వు కాదని మాకెప్పుడో తెలిసిపోయింది," అన్నాడు విశ్వేశ్వరం లేచి కూర్చుంటూ. "దానికి ఉప్పు లేకపోయినా తెలీదు. నువ్వైతే నీ వంటని నువ్వే ముందు తిడతావు. నువ్వు లేనిచోట మాకేం పని? మా బొమ్మల్ని కూడా దాని పక్కన కూర్చోబెట్టి ఇటొచ్చేవాళ్లం. నువ్వు చదువుకుంటుంటే ఈ తలుపు దగ్గరికి బాగా వినబడుద్ది."

"చెప్పొచ్చు కదండీ!"

"చెబితే నోరు మూసుకుని రాసుకుంటావేమోనని..."

"గది వద్దన్నది ఇందుకా?"

"బల్లులు కూడా వస్తాయి," అన్నాడతను మొండిగా.

ఆమె డబ్బా మీద కూలబడింది. తను లేని లోటు వీళ్లకి తెలియకూడదని ఇన్నాళ్లూ పడ్డ తంటా గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వుతూనే చీర చెంగుతో కళ్లొత్తుకుంది.

సత్తిరాజు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "పెద్దాపురం నుంచి అడుగుతున్నారండి. మౌనగది తలుపు బిగించెయ్యమంటారా?"

"వద్దనండి," అంది సువర్చల. " మామూలు చెక్క తలుపు పెట్టమనండి. కింద కాస్త సందుండాలని చెప్పండి."

తండ్రీకూతుళ్లు బుద్ధిగా బయటికి వెళ్లి తలుపు దగ్గరికేశారు. సువర్చల కాగితం తీసింది. ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు గలగలా వచ్చిన మాటలు, వింటున్నారని తెలిశాక ఒక్కటీ రానంది. ఈ పనికి మారుమనిషిని పంపేందుకూ వీల్లేదు. తలుపవతల ఇద్దరూ ఊపిరి బిగబట్టుకున్న సంగతి ఆమెకు తెలుస్తూనే ఉంది.

"పోలమ్మ," అని ఆగింది. "పోలమ్మ మళ్లీ తెడ్డు అందుకుంది."

అవతల చప్పుడు లేదు.

"ఊఁ కొట్టకపోతే నేను చెప్పను," అంది సువర్చల.

"ఊఁ," అంది తలుపవతల నుంచి కిన్నెర, ఇన్నేళ్ల బాకీ ఒక్కసారే తీర్చేటంత గట్టిగా.

"ఊఁ," అన్నాడు విశ్వేశ్వరం.

"ఊఁ," అంది ఇంకో గొంతు, బొంగురుగా.

సువర్చల తలెత్తింది. "ఎవరది?"

"ఆయ్, నేనేనండి, సత్తిరాజుని. బండి ఆగుద్దండి. మీరు కానివ్వండి."