పొగచాటు సిలిండర్

హంతకుడెవరో ఎవరికీ తెలియదు. చావవలసిన మనిషి మాత్రం గుడారం కింద కూర్చుని రెండో ప్లేటు బీన్స్ లాగిస్తున్నాడు.

ఆయన పేరు అంటోన్ డ్రెవిక్. డెబ్బై దాటిన కెమిస్టు. తన దేశపు గూఢచారి ముఠా అమెరికాలో ఎవరెవరి మీద ఏ విషం ప్రయోగించిందో సోమవారం కోర్టులో చెప్పబోతున్నాడు. అంతవరకూ గది దాటవద్దంటే వినలేదు. ఆయనకి చిన్నప్పటినుంచీ కౌబాయ్ సినిమాల పిచ్చి. అరిజోనాలో డ్రై విల్లో క్లబ్బు వాళ్ళు ఏటా జరిపే పాత తుపాకుల పోటీ చూడనివ్వకపోతే సాక్ష్యమే చెప్పనని భీష్మించాడు. పైగా తనే ఫోన్ చేసుకుని ముఖ్య అతిథి కూడా అయిపోయాడు. ఆయన్ని ప్రాణాలతో సోమవారానికి చేర్చే పని ఏజెంట్ ఎల్డన్ ప్రూయిట్ నెత్తిన పడింది.

పొద్దుటినుంచీ ఎల్డన్‌కి ఒక్కటీ కలిసిరాలేదు. ఈ పోటీలో ప్రతివాళ్ళూ మారుపేరుతోనే దిగాలి, పాతకాలపు వేషం వెయ్యాలి. అసలు పేరు అడగడం మర్యాద కాదు. గూఢచారికి ఇంతకన్నా నరకం ఇంకోటి లేదు. మైదానం నిండా టోపీలు, మీసాలు, దొంగపేర్లు. ఆఫీసు వాళ్ళు ఎంతో ఆలోచించి అతనికి పెట్టిన పేరు అప్పటికే ఇంకెవరికో ఉందట. ఒకే పేరు ఇద్దరికి కుదరదని పేర్లు రాసుకునే బల్ల దగ్గరి పెద్దావిడ అతని చొక్కాకి ‘ఉప్పు బిస్కెట్’ అని బిల్ల తగిలించింది. గుండీలో దాచిన కెమెరాలోకి దుమ్ము దూరి, అది ఉదయమే ప్రాణం విడిచింది.

ఇక తమ మనిషిని గుర్తుపట్టే కోడ్ మాట సంగతి. ఎల్డన్ “ఈసారి వాన వెనకబడింది” అనాలి, తమ మనిషి “గడ్డికి పరవాలేదు” అనాలి. ఎడారిలో ఎవరిని కదిపినా అదే జవాబు వస్తుందని వాషింగ్టన్‌లో ఏసీ గదిలో కూర్చున్నవాళ్ళకి తట్టలేదు. వరసగా ముగ్గురు పశువుల ఆసాములు అదే మాట అన్నారు. ఒకాయనైతే తన ఆవులన్నింటి కథా చెప్పిగానీ వదల్లేదు.

చెవిలో దాచిన రేడియోలో పై అధికారి ఓస్టర్‌మన్ గొంతు వినిపించింది.

“విను ఎల్డన్. ముఠా వాళ్ళు ఒక రివాల్వర్‌ని మార్పించారు. పైకి అక్కడ అందరి దగ్గరా ఉన్న పాతరకం నకలే. మందు నింపే, గుండ్రంగా తిరిగే సిలిండర్ మాత్రం ఇవాళ్టి తూటాలు పేల్చేది. సలాం టైములో వాడతారు.”

పోటీకి ముందు పన్నెండు మంది వరసగా నిలబడి, ముఖ్య అతిథి గౌరవార్థం మూడుసార్లు ఆకాశంలోకి కాలుస్తారు. అదే సలాం. పాతరకం రివాల్వర్‌కి తూటాతో పని లేదు. సిలిండర్ గదుల్లో ముందువైపు నుంచి మందు కూరి, వెనక, దెబ్బ తగిలితే నిప్పు రాజేసే కందిబద్దంత రాగి టోపీ తొడగాలి. సలాంకి ఒట్టి మందే, సీసపు గుండు ఉండదు. బల్ల దగ్గర తనిఖీ చేసే పంపుతారు. కానీ తనిఖీ అయ్యాక గుడారం చాటుకి వెళ్ళి సిలిండర్ ఊడదీసి ఇంకోటి తొడుక్కోవడం ఎంతసేపు? రెండుసార్లు పేలేసరికి తెల్లటి పొగ మైదానాన్ని కమ్మేస్తుంది. మూడోసారి ఒక గొట్టం ఆకాశాన్ని వదిలి డ్రెవిక్ వైపు తిరిగితే, ఎవరు కాల్చారో దేవుడు కూడా చెప్పలేడు.

“అందరి సిలిండర్లూ మళ్ళీ తనిఖీ చేయిద్దాం మేడమ్,” అన్నాడు ఎల్డన్.

“వద్దు. బెదిరి జారుకుంటారు. మనకి మనిషి చిక్కాలి. ఎవరో ముఠాలో ఉన్న మన మనిషి మాగ్నోలియా చెప్తుంది.”

పోనీ డ్రెవిక్‌కి అడ్డంగా నిలబడదామంటే ఆ పెద్దమనిషి ససేమిరా అన్నాడు. నువ్వు నా ముందు నిలబడితే నాకేం కనిపిస్తుందయ్యా, పక్కకి తప్పుకో అని కసిరాడు. ఎల్డన్‌కి ఆయన్ని తనే కాల్చేద్దామా అన్నంత విసుగొచ్చింది. గత్యంతరం లేక తనూ సలాం వరసలో పేరిచ్చుకున్నాడు.

సాధన మొదలుపెట్టాడో లేదో అతని రివాల్వర్ మొరాయించింది. టోపీని కొట్టే హ్యామర్ వెనక్కి రాదు, ముందుకి పోదు. గుడారం కింది నుంచి డ్రెవిక్ ఇకిలించాడు.

“ఇలా తే, బిస్కెట్టూ,” అంది ఒక తియ్యటి గొంతు.

ఎర్ర సిల్కు గౌను, నల్ల చేతితొడుగులు, నడుముకి రివాల్వర్. బిల్ల మీది పేరు చూస్తే, ఆవిడే మాగ్నోలియా. అసలు పేరు ఇల్కా. ముఠాలోనే ఉంటూ వీళ్ళకి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. ఆమె సిలిండర్ పక్కనుంచి చితికిన రాగిముక్క ఒకటి వేలికొసతో లాగి అతనికి చూపించింది.

“పేలాక టోపీ చితుకుతుంది. ఆ ముక్కలు లోపల పడితే ఇదిగో, ఇలా బిగుసుకుపోతుంది. అందుకే హ్యామర్ లాగేముందు గొట్టం పైకెత్తి దులుపుతాం. ఇక్కడ పసివాళ్ళకి కూడా తెలుసు.” తరవాత గొంతు తగ్గించి, “పసుపు వెయిస్ట్‌కోటు వాడు. గుర్తుపెట్టుకో,” అంది.

పసుపు వెయిస్ట్‌కోటు వాణ్ణి ఎల్డన్ గుడారం వెనక బోర్లా పడేశాడు. తీరా చూస్తే టూసాన్‌లో పళ్ళ డాక్టరు. సిలిండర్ నిఖార్సైన పాతరకమే. వేళ్ళ నిండా పాతరకం మందు మసి, కుళ్ళిన గుడ్డు కంపు. డాక్టరు నడుము పట్టుకుని మూలుగుతుంటే అతని భార్య ఎల్డన్‌ని నానా మాటలూ అంది. అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈలోగా సలాంకి గంట మోగింది.

వరసలో అతని పక్కన మాగ్నోలియా నిలబడింది. పొరబడ్డానని గుసగుసగా క్షమాపణ చెప్పింది. ఎదురుగా డ్రెవిక్ కొత్త టోపీ పెట్టుకుని, పెళ్ళికొడుకులా కుర్చీలో కూర్చున్నాడు.

మొదటి పేలుడుకి పొగ లేచింది. గొట్టాలన్నీ కిందికి దిగి, మళ్ళీ పైకి లేచి, దులుపుకుని సిద్ధమయ్యాయి. రెండో పేలుడుకి డ్రెవిక్ టోపీ తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఎల్డన్ కూడా బుద్ధిగా గొట్టం పైకెత్తాడు, దులిపాడు, హ్యామర్ లాగాడు. రాలేదు. మళ్ళీ బిగుసుకుంది. ఏడుపొక్కటే తక్కువ. వీళ్ళందరికీ ఎలా కుదురుతోందిరా అని ఉక్రోషంతో అటూ ఇటూ చూశాడు.

పొగలో గొట్టాలన్నీ పైకి లేస్తున్నాయి. ఒక్కటి లేవలేదు. మాగ్నోలియా తన రివాల్వర్‌ని నడుము దగ్గరే అడ్డంగా పట్టుకుని హ్యామర్ లాగింది. దులపలేదు. తూటాకి రాలే టోపీ ఎక్కడిది?

గొట్టం డ్రెవిక్ టోపీ కింది వైపు తిరిగింది. అరిచే వ్యవధి లేదు. ఎల్డన్ తన పనికిరాని రివాల్వర్ పారేసి, దూసుకెళ్ళి ఆమె చేతిని పట్టుకున్నాడు. పడబోతున్న హ్యామర్‌కి అడ్డంగా తన బొటనవేలి మొదలు దూర్చాడు. హ్యామర్ మొన కండలో దిగబడి ఆగిపోయింది. అదే క్షణంలో మిగతావాళ్ళ మూడో పేలుడు మైదానాన్ని అదరగొట్టింది. అతని కేక ఎవరికీ వినపడలేదు.

“ఎలా కనిపెట్టావు?” అంది ఆమె, చేతికి బేడీలు పడ్డాక.

“ఇందాక నువ్వు నేర్పిన పాఠమే. గొట్టం పైకెత్తలేదు.”

ఆమె పళ్ళు కొరికింది. “నెల్లాళ్ళుగా తూటాలతోనే సాధన. చెయ్యి మర్చిపోయింది.”

పొగ విడిపోయేలోపు ఆమెని బండెక్కించేశారు. ముసలాయనకి ఏమీ చెప్పవద్దనీ, బెదిరితే సాక్ష్యం చెప్పడనీ ఓస్టర్‌మన్ ఆజ్ఞ. అభినందన ఒక్క ముక్క లేదు. చిల్లుపడ్డ చేతికి రుమాలు చుట్టుకుని ఎల్డన్ గుడారం కిందికి వచ్చాడు. డ్రెవిక్ మూడో ప్లేటు బీన్స్‌తో ఎదురుచూస్తున్నాడు.

“ఏవయ్యా బిస్కెట్టూ, సలాంలో చివరి మోత పల్చబడింది. మళ్ళీ నీదే పేలలేదా?”

ఎల్డన్ చేతిని వీపు వెనక దాచుకున్నాడు.

“అవునండీ, నాదే,” అన్నాడు.