సెటిల్మెంటు గంట

తెల్లవారగానే మొదటి పని కల్లాపి. ప్రతినాద స్తంభంలోంచి పేడనీళ్ళు మట్టి మీద పడే చప్పుడు వచ్చింది. ఉప్పుగుంటలో మట్టి వాకిళ్ళు లేకుండాపోయి రెండు తరాలైంది, అయినా చప్పుడు మాత్రం రోజూ ఠంచనుగా వస్తుంది. పరంజ్యోతి స్తంభానికి చెవి ఆనించి విని, చివర్లో చెంబు అంచు తగిలే శబ్దాన్ని కాస్త తగ్గించింది.

"ఇత్తడి చెంబు అంత గోల చెయ్యదు," అంది.

"దాఖలైంది," అంది శ్రుతి ఆమె చెవిలో. శ్రుతికి ఒళ్ళు లేదు, తొందర లేదు. జిల్లాలోని స్తంభాలన్నీ దాని నోళ్ళు, జనం చేతులకున్న నాడికడియాలన్నీ దాని చెవులు.

ఇంజన్లన్నీ మూగబోయిన కొత్తలో ఊళ్ళకు నిద్ర పట్టడం మానేసింది. అంత నిశ్శబ్దం మనుషులు తట్టుకోలేకపోయారు. అప్పుడు పాత చప్పుళ్ళను వెతికి వెనక్కి తెప్పించే పని మొదలైంది. ఏ చప్పుడు వింటే ఎవరి నాడి ఎలా కొట్టుకుంది, ఎవరు చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వచ్చారు అన్నది కడియాలు చెబుతాయి. శ్రుతి వాటిని కూడి మమతాంకం కడుతుంది. అంకం పెద్దదైతే ఆ చప్పుడు ఊరి వారసత్వమై, రోజూ మోగాల్సిన చప్పుళ్ళ నాదపటంలోకి ఎక్కుతుంది. ఎక్కితే ఒక తరం పాటు దించే వీలు లేదు. మధ్యలో మనిషి చెయ్యాల్సింది ఒక్కటే, నాదపరీక్షకురాలు వేలిముద్ర వెయ్యడం. ఉప్పుగుంటకు ఆ పరీక్షకురాలు పరంజ్యోతి.

రేపు ఎక్కాల్సింది సెటిల్మెంటు గంట.

తెల్లదొరల కాలంలో ఊరి చివర కంచె వేసి, గాడిదల మీద ఉప్పు మోసుకుంటూ దేశమంతా తిరిగే మనుషుల్ని పట్టి అందులో పెట్టారు. పుట్టుకతోనే దొంగలని వాళ్ళకో చట్టం కూడా రాశారు. పొట్టలో ఉన్న బిడ్డ కూడా దొంగే! ఆ కంచెను సెటిల్మెంటు అనేవారు. కంచె తీసేసి నూరేళ్ళకు పైమాటే అయినా ఆ వీధికి ఆ పేరు పోలేదు. గంట మాత్రం మునిసిపాలిటీ చేతికొచ్చి, పొద్దుగుంకేవేళ ఊరికి టైము చెబుతూ చాలాకాలం మోగి, తర్వాత గోదాములో పడింది. దాన్ని వెతికి బయటికి తీసింది పరంజ్యోతే. విరిగిన నాలుక పోత పోయించి, పాత స్వరం సరిగ్గా పలికేదాకా ఏడాదంతా దానితోనే కాపురం చేసింది. మొదటిసారి మోగినప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది. అంత బాగుంది.

గంటస్తంభం దగ్గర సత్యలింగం గారు బంతిపూల తోరణాలు కట్టిస్తున్నారు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు, వారసత్వ సంఘం అధ్యక్షులు. రేపు మొదటి తాడు లాగేది ఆయనే.

"మా అమ్మ ఈ గంటకే పొయ్యి వెలిగించేదమ్మా," అన్నారు, చెప్పిన మాటే మళ్ళీ చెబుతూ. "గంట వింటే నాకు ముందు పొగవాసనొస్తుంది, తర్వాత అమ్మ కనపడుద్ది. ఇంతకీ అంకం ఏమంటోంది?"

"జిల్లాలోనే పెద్దది," అంది శ్రుతి స్తంభంలోంచి. "అత్యధిక మమత సెటిల్మెంటు వీధిలో నమోదైంది. పరీక్షకు గంట మోగించిన ప్రతి సాయంత్రం అక్కడి పెద్దలు పనులాపి గడప దగ్గరికి వస్తున్నారు. నాడి రెట్టింపవుతోంది. కొత్త తరంలో కూడా మమత మొదలైంది."

సత్యలింగం గారి కళ్ళు చెమ్మగిల్లాయి. "చూశారా! ఎవరికి కోపముండాలో వాళ్ళే ఎక్కువ ప్రేమిస్తున్నారు. ఆ వీధి నుంచి ఒక పెద్దామెను పిలిచి రేపు నాలుగు మాటలు చెప్పిద్దాం."

పరంజ్యోతికీ ఆ మాట నచ్చింది. సాయంత్రం ఆఖరి పరీక్ష మోగించే వేళకు ఆమె సెటిల్మెంటు వీధిలో నాంచారమ్మ ఇంట్లో కూర్చుని ఉంది. నాంచారమ్మకు ఎనభై దాటాయి. మునిమనవరాలు కెజియను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పప్పన్నం కలుపుతోంది. పిల్లకు ఇంకా మాటలు సరిగ్గా రావు.

"రేపు పండగంటగా," అంది నాంచారమ్మ. "నన్నేం మాట్లాడమంటావు తల్లా? నాకేం..."

గంట మోగింది.

ముసలమ్మ మాట అక్కడే తెగిపోయింది. పిల్లను కింద దించి, మోకాళ్ళు పట్టుకుని లేచి, గడప మీదకు పోయి గొంతుక్కూర్చుంది. అన్నం మెతుకులతోనే రెండు అరచేతులూ ముందుకు చాచింది. తల వంచుకుంది. వీధి పొడుగునా ఒక్కో గడప మీద ఒక్కో ముసలి మనిషి అలాగే కూర్చుని ఉన్నారు. కెజియ తప్పటడుగులు వేసుకుంటూ పోయి అవ్వ పక్కన చతికిలబడింది. చిన్న చేతులు రెండూ చాచి, ఆటనుకుని కిలకిలా నవ్వింది. దాని చేతికీ బుల్లి కడియం ఉంది.

గంట ఆగాక నాంచారమ్మ లోపలికి వచ్చింది.

"ఏందో, కాళ్ళు నా మాట ఇనవు," అంది నాంచారమ్మ సిగ్గుపడుతూ. "మా అవ్వ కంచెలో పుట్టింది. పొద్దుగూకి ఈ గంట కొడితే ఎక్కడోళ్ళక్కడ గడప మీద కూకోవాల. దొర మనిషొచ్చి తలకాయలు లెక్కపెట్టేవోడు. చేతుల్లో దొంగసొత్తు లేదని చూపించాల. ఆలస్యమైతే కొరడా."

"కంచె తీసేశారు కదమ్మా."

"కంచె తీసినారు, గంట తియ్యలా. మా అవ్వకి నమ్మకం కుదరలా. మమ్మల్ని ఆ గంటకి రోజూ గడప మీద కూకోబెట్టేది. లేకపోతే చీపురు తిరగేసేది. పాపం, మమ్మల్ని కాపాడుకుంటున్నాననుకునింది. ఆ గంట ఆగిపోయినాక అంతా మరిసిపోయినానే అనుకున్నా."

"మరి వద్దని ఎందుకు చెప్పలేదు?"

"మమ్మల్నెవురడిగినారు? ఈ కడియాన్ని అడిగినారు, అది చెప్పింది." నాంచారమ్మ పిల్ల మూతి తుడిచింది. "నేనింకెన్నాళ్ళుంటాలే. ఇది నాతోనే పోవాల తల్లా. ఈ పిల్లకి రాకూడదు."

మర్నాడు పొద్దు వాలకముందే గంటస్తంభం చుట్టూ జనం చేరారు. సత్యలింగం గారు పట్టుపంచె కట్టుకొచ్చారు. పరంజ్యోతి ఆయన్ను పక్కకు పిలిచి తను చూసిందంతా చెప్పింది. ఆయన తోరణం వైపు చూశారు.

"మరి మా అమ్మ?" అన్నారు.

"మీ అమ్మగారు లేచింది పొయ్యి వెలిగించడానికి మాస్టారూ. వాళ్ళు లేచింది లెక్క అప్పజెప్పడానికి."

పరంజ్యోతికి ఆయన మీద జాలేసింది, తన ఏడాది కష్టం మీద కూడా జాలేసింది. స్తంభం ముందుకు వెళ్ళి నిలబడింది.

"శ్రుతీ, ఈ గంటను వారసత్వంలో వెయ్యొద్దు. జనం విని తీరాల్సిన ఆజ్ఞల వరుసలో వెయ్యి."

"ఆజ్ఞల వరుసలో తుఫాను సైరన్, వంతెన ఈల మాత్రమే ఉన్నాయి. ఆజ్ఞకు అధికారి ఉండాలి. అధికారి ఎవరు?"

"చచ్చిపోయాడు. వాడి రాజ్యం కూడా పోయింది."

"అధికారి లేని ఆజ్ఞ మోగకూడదు."

"నేననేదీ అదే."

శ్రుతి తన లెక్క మళ్ళీ చూసుకుంది. "జనం లేచి వచ్చారు. దాన్ని నేను మమతగా లెక్కగట్టాను. ఇది ఆజ్ఞ అయితే ఆ లేవడం మమత కాదు."

"కాదు. భయం."

"అయితే జనం లేచి నిలబడిన ప్రతి నాదాన్నీ మళ్ళీ తూచాలి. జమీందారు కోట నగారా, దొరబంగళా బాకా, ఇంకా చాలా ఉన్నాయి. పటంలోంచి దించలేను గాని, తూచేదాకా వాటిని మోగనివ్వను. వేలిముద్ర వేస్తారా?"

జిల్లాలోని పరీక్షకులందరి కష్టం ఈ వేలి కింద ఉంది. రేపు తనకు ఈ ఉద్యోగం ఉండదు. ఆమె వేలు ఆనించింది.

"మాస్టారి నాడి, ఆ వీధి నాడి ఒకేలా కొట్టుకుంటున్నాయి," అంది శ్రుతి. "ప్రేమో భయమో నాకెలా తెలుస్తుంది?"

"ఇంటింటికీ వెళ్ళి అడగాలి."

"నాకు కాళ్ళు లేవు."

"మాకున్నాయి."

ఒక్కొక్కటిగా స్తంభాలు మూగబోయాయి. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, ఎవరో గట్టిగా తిట్టారు కూడా. సత్యలింగం గారు తాడు వదిలేసి మెట్ల మీద కూలబడ్డారు. పరంజ్యోతి బయల్దేరాక, కాసేపటికి ఆయన కూడా లేచి, పట్టుపంచె ఎగగట్టి ఆమె వెనకే నడిచారు.

వాళ్ళు నాంచారమ్మ ఇంటికి వెళ్ళేసరికి పొద్దుగుంకుతోంది. నాంచారమ్మ అన్నం పళ్ళెం ముందు బిగుసుకుని కూర్చుంది, గంట కోసం చెవి రిక్కించి. వెలుగు తగ్గింది. గంట మోగలేదు. వీధి దీపాలు వెలిగాయి. అయినా మోగలేదు. ఆమె భుజాలు మెల్లగా దిగాయి. సత్యలింగం గారు చెప్పులు బయట విడిచి, లోపలికి రావచ్చా అన్నట్టు వాకిట్లోనే నిలబడ్డారు.

కెజియకు మాత్రం ఆట వేళయింది. తనంతట తనే గడప మీదకు పోయి కూర్చుని, రెండు అరచేతులూ చాచి, అవ్వ ఇంకా రాలేదేమని వెనక్కి తిరిగి చూసింది.

నాంచారమ్మ లేవలేదు. పళ్ళెం పట్టుకుని, కూర్చున్నచోటు నుంచే పాక్కుంటూ గడప దాకా వెళ్ళి, ఆ చాచిన చేతుల్లో ఒక పప్పన్నం ముద్ద పెట్టింది.

"తిను," అంది.