చెప్పేదాకా వదలకు

టేకులపల్లిలో వెల్డింగ్ తుల్సీరాం అంటే తెలియనివాళ్లు లేరు. ఇనుప చువ్వను చేమంతి రేకులా వంచగలడు. ఆ పనితనం మీద కాస్త పొగరు కూడా ఉండేది, దాచడమెందుకు. ఎనభై ఆరు వేసవిలో పద్మావతమ్మ గారు తన పెరటి పూలతోటకు నెమళ్ల గేటు కావాలని కబురు పెట్టింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్న కుటుంబం వాళ్లది. ఇనుము కూడా ఆమే ఇచ్చింది, పది పాత చువ్వలు.

"మా అత్తగారు రాఘవమ్మ గారి గది కిటికీవి. గది పడగొట్టించాం. మంచి ఇనుము, పారేయబుద్ధి కాలేదు."

ఊరందరికీ తెలిసిన సంగతే. ముసలామెకు మతి చలించిందని పదకొండేళ్లు ఆ గదిలో పెట్టి తాళం వేశారు. పొద్దస్తమానం రెండు చువ్వలు పట్టుకుని నిలబడి, దారిన పోయేవాళ్లను "తలుపు తియ్యి నాయనా" అని అడిగేది. తుల్సీరాం కూడా తల దించుకుని సైకిల్ తొక్కేసేవాడు. పోయిన ఏడు ఆమె చనిపోయింది.

చువ్వలన్నీ తుప్పు పట్టాయి. రెండింటి మీద మాత్రం, ఛాతీ ఎత్తున, పిడికెడు మేర నున్నగా మెరుస్తోంది.

మిట్టమధ్యాహ్నం కరెంటు వచ్చింది. భార్య మంగ్లి చువ్వ పట్టుకుంటే తుల్సీరాం అతుకు వేస్తాడు. పదేళ్లుగా వాళ్ల పద్ధతి అదే. మొహానికి నల్లద్దం అడ్డం పెట్టుకున్నాడు. దానిలోంచి మంట వెలుగు తప్ప మరేదీ కనపడదు.

"పట్టుకో. నేను చెప్పేదాకా వదలకు."

చువ్వ వెంట్రుకవాసి కదలలేదు. మంట వెలుగులో రెండు చేతులు కనపడ్డాయి... ఎండిపోయిన వేళ్లు. మంగ్లికి మోచేతుల దాకా గాజులుంటాయి. ఈ చేతులకు ఒక్కటీ లేదు.

అద్దం తీశాడు. ఎదురుగా ఎవరూ లేరు. మంగ్లి బోరింగు దగ్గర నుంచి బిందెతో వస్తోంది. చువ్వ మాత్రం నిటారుగా నిలబడే ఉంది.

నవ్వుతుందని భార్యకు చెప్పలేదు.

మూడోనాడు గేటు బిగించారు. సుత్తె మరిచిపోయామని మంగ్లి తోటలోకి వెళ్లింది. వెనకాలే గేటు మూసుకుంది. గడియ పడలేదు, అయినా ఎంత గుంజినా రాలేదు. గోడ ఎత్తు, పైన గాజుపెంకులు.

"ఏమయ్యా, జల్దీ తియ్యి," లోపలి నుంచి మంగ్లి అరిచింది. "నా ఎనక ఎవరో ఉన్నరు..."

తుల్సీరాంకు అప్పుడు తట్టింది. 'చెప్పేదాకా వదలకు' అని తానన్న మాటే అది. మంగ్లి లేకపోతే తనకెవరున్నారు? చువ్వలకు నోరు ఆనించి గుసగుసలాడాడు.

"రాఘవమ్మమ్మా... పని అయిపోయింది. ఇగ వదులు."

గేటు తెరుచుకుంది. మంగ్లి బయటికొచ్చింది. పెళ్లాం దక్కింది, అదే చాలనుకున్నాడు పిచ్చివాడు.

పొద్దుగూకే వేళ ఇంట్లో చూస్తే ఆమె కిటికీ దగ్గర నిలబడి ఉంది. రెండు చేతులతో రెండు చువ్వలు పట్టుకుని.

"గట్ల నిలబడ్డవేందే? వచ్చి కూసో."

ఆమె తిరగలేదు. గొంతు మంగ్లిదే. కానీ తండాలో పుట్టిన మంగ్లి ఏనాడూ అలా మాట్లాడలేదు.

"వదలమన్నావుగా, వదిలేశాను. ఇక తలుపు తియ్యి నాయనా..."

తలుపు బార్లా తీసే ఉంది.

ఒక్కో వేలూ ఊడదీశాడు. ఆ కిటికీని పోయిన నెలే తన చేత్తో బిగించి నల్లరంగు వేశాడు. ఆమె చేతుల కింద, ఛాతీ ఎత్తున, పిడికెడు మేర రంగు లేదు. ఇనుము నున్నగా మెరుస్తోంది.