మూడో పిలుపు

బందరు వలందపాలెంలో ఆ పాత మేడ వైపు దీపాలు పెట్టాక ఎవరూ నడిచేవారు కాదు. పై కిటికీలో తెల్లటి దొరసాని నిలబడి దారిన పోయేవాళ్లను చూస్తుందని పేరు. చూడటమే కాదు... పేరు పెట్టి పిలుస్తుందట.

యాభై ఎనిమిదో సంవత్సరం సంగతి ఇది. నాకు చెప్పినవాడు రైసుమిల్లులో పనిచేసే దయానందం.

పగటిపూట ఆ మేడలోకి వెళ్లే మనిషి ఒక్కరే — పటాలు కట్టే రహంతుల్లా గారు. చదివింది మూడో తరగతి. జనం తెచ్చే పాత పటాలకు అద్దాలు మార్చేటప్పుడు, వెనక అట్టగా పెట్టిన బొమ్మలు ఆయన కంటపడేవి. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మన చిత్రకారులు దొరలకు వేసిచ్చినవి: పల్లకీ బోయీలు, చాకళ్లు, హుక్కా తాగే దొర. వాటి పుట్టుపూర్వోత్తరాల కోసం నిఘంటువు ముందేసుకుని ఇంగ్లీషు నేర్చుకున్నారు. గీత చూసి, ఏ రెండు బొమ్మలు ఒకే చేతివో చెప్పేవారు. పోగేసిన బొమ్మలకు దుకాణంలో చోటు చాలక మేడ అద్దెకు తీసుకున్నారు. బందరులో వీటికో మ్యూజియం రావాలని కోరిక. అర్జీలు పెట్టీ పెట్టీ... ఎవరూ రాలేదు.

పెళ్లి ఫొటోకి పటం కట్టించుకోవడానికి వెళ్లిన దయానందం ఓసారి అడిగాడట, "ఆ మేడలో మీకు భయం లేదా సాయిబు గారూ?"

"పొద్దు వాలాక నేనూ ఉండనబ్బాయ్. దొరసాని నాకేమైనా మేనత్తా? ముందు నీ సైకిలు చైను బాగు చేయించుకో. వీధి మొదట్లోనే నువ్వని తెలిసిపోతోంది."

ఆ కార్తీకంలో తుపాను పట్టింది. మిల్లు నుంచి ఇంటికొచ్చే దారి నీళ్లలో మునిగింది. ఆ రాత్రి దయానందానికి మేడ పక్కదారే దిక్కయింది.

ఎదురుగాలి. దిగి సైకిలు నడిపించుకుంటున్నాడు. చైను టకటకమంటోంది. తలెత్తకూడదనుకుంటూనే... ఎత్తాడు.

కిటికీలో దొరసాని. తెల్లటి ముఖం — వెనక ఎర్రటి వెలుగు. రెప్ప వేయడం లేదు.

లోపల ఏదో పెళపెళ విరిగింది. వెలుగు ఆరిపోయింది.

"దయానందం..."

మగ గొంతో ఆడ గొంతో తెలియలేదు. నూతిలోంచి వచ్చినట్టుంది.

"రాత్రిపూట పేరు పెట్టి పిలిస్తే మూడోసారికి గానీ పలక్కురా. దెయ్యానికి రెండు పిలుపులే," అనేది వాళ్ల నానమ్మ రూతమ్మ. పాస్టరు గారు ఎంత కోప్పడ్డా ఆవిడ ఆ మాట వదల్లేదు. మేడ ఉన్న వీధిలోనూ ఏ ఇంట్లోనైనా అదే మాట.

సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. మూడోది వస్తే మనిషే. లోపలికి వెళ్దామనే ఉంది...

"దయా... నందం..."

రెండు.

వాన. గాలి. మళ్లీ వాన... మూడోది రాలేదు.

పరుగు తీశాడు.

తెల్లారి జనం మేడ దగ్గర మూగారు. విరిగిన దూలం కింద రహంతుల్లా గారు. "రాత్రి చాలాసేపు ప్రాణం ఉండే ఉంటుంది," అన్నాడు డాక్టరు. చుట్టూ బొమ్మలు తడిసి, రంగులన్నీ ఏకమై గుజ్జయిపోయాయి. నూనెరంగులతో వేసిన ఒక్క పటం మాత్రం కిటికీలో అలాగే నిలబడి ఉంది. నిలువెత్తు దొరసాని. వెనక ఆరిపోయిన లాంతరు.

"దొంగలు పడతారని అన్నయ్యకి భయం," అంది ఆయన చెల్లెలు సాబిరా. "ఈ దెయ్యం మాట తనే పుట్టించాడు. రాత్రిళ్లు ఇక్కడే కూర్చుని బొమ్మలు చూసుకునేవాడు."

"నన్ను పిలిచారు... రెండుసార్లు," అన్నాడు దయానందం.

ఎదురింటి కాంతారావు గొంతు తగ్గించి అన్నాడు, "నన్నూ. రెండే."

"నన్నూ..." పక్కింటి గంగాదేవి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. "మూడోది వస్తే తలుపు తీద్దామనే కూర్చున్నా."

రహంతుల్లా గారికి ఆ వీధిలో అందరి పేర్లూ తెలుసు. ఒకరు పలక్కపోతే ఇంకొకరని... ఒక్కొక్కరినీ రెండేసిసార్లు...

ఇప్పుడా మేడ లేదు. ఆ వీధిలో ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే పలుకుతారు. వాన పట్టిన రాత్రుల్లో మాత్రం, ఎవరూ పిలవకుండానే, ఒక్కో ఇంట్లోంచీ వినిపిస్తుంటుంది —

"ఆఁ... వస్తున్నా..."