వణికిన గీత

"కాలు ఆపండి."

అతనితో ఆమె అన్న మొదటి మాట అదే. అంటున్నప్పుడు తల ఎత్తలేదు, మైక్రోస్కోపు మీంచి కన్ను తియ్యలేదు.

అతను ఆ ప్రయోగశాలలో చేరి ఇంకా గంట కాలేదు. బల్ల చివర కూర్చుని, ఎవరైనా పలకరిస్తారేమోనని అటూ ఇటూ చూస్తూ, అలవాటు కొద్దీ మోకాలు ఊపుతున్నాడు. ఆ ఊపు నేలలోంచి బల్లకి పాకింది, బల్లలోంచి ఆమె సూదికి పాకింది. వెంట్రుక కన్నా సన్నని గాజుసూది అది. పొద్దుటినుంచి ఊపిరి బిగబట్టి దాన్ని ఒకే ఒక్క కణంలోకి దింపింది. ఆ కణంలోని కరెంటును చూపిస్తూ స్క్రీన్ మీద తిన్నగా నడవాల్సిన గీత చలిజ్వరం వచ్చినట్టు వణికి, చప్పున మాయమైపోయింది.

"పోయింది," అంది ఆమె.

"ఏం పోయిందండీ?"

"నా పొద్దున్న."

అతను గబుక్కున లేచి నిలబడ్డాడు. కాలు తనదే గానీ తన మాట వినదని సంజాయిషీ చెప్పుకున్నాడు. ఆమె కొత్త సూది తీసుకుంది. ఆ సాయంత్రానికల్లా అక్కడివాళ్ళు అతనికి స్ప్రింగ్ అని పేరు పెట్టేశారు. ఆమెకు నిదానం అన్న పేరు ఎప్పుడో పడింది.

ప్రయోగశాల నడిపే మేడమ్ వాళ్ళిద్దరినీ ఒకే పనికి జత చేసింది. నాడి చివర కంటికి కనిపించని చిన్న చిన్న సంచులుంటాయి. వాటి నిండా ఒక రసాయనం ఉంటుంది. కరెంటు తట్టినప్పుడల్లా కొన్ని సంచులు తెరుచుకుని ఆ రసాయనాన్ని పక్క కణం మీద ఒలకబోస్తాయి, పక్క కణం ఉలిక్కిపడి జవాబిస్తుంది. మరి నాడిని ఊపిరాడనివ్వకుండా పని చేయిస్తే ఆ నిల్వ ఏమవుతుంది? అదీ మేడమ్ ప్రశ్న. ఎలుక మెడలోని చిన్న నాడీముడిని తట్టి జవాబు ఎంత గట్టిగా వస్తుందో చూడటం ఆమె పని. తర్వాత ఆ ముడిలో రసాయనం ఎంతుందో కొలవడం అతని పని. ఏ ముడి చేత ఎంత పని చేయించారో కొలిచేవాడికి తెలియకూడదని మేడమ్ నియమం. అందుకని ఆమె ముడులను రంగు మూతల గొట్టాల్లో వేసి, ఐసులో పెట్టి ఇచ్చేది. ఏ రంగు ఏమిటో ఆమె ఒక్కదానికే తెలుసు.

ఆ ఐసు డబ్బా చేతులు మారే కాస్త సేపూ అతనికి పండగే. ఎర్ర మూత కనిపిస్తే, నామీద కోపమా అండీ అనేవాడు. తెల్ల మూత కనిపిస్తే, సంధి చేసుకున్నట్టేనా అనేవాడు. ఆమె నవ్వు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కుని వెనక్కి తిరిగిపోయేది. నిజానికి ఆ జోకుల కోసమే ఆమె రంగుల్ని మార్చి మార్చి పెడుతోందని అతనికి తెలియదు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ మెట్ల దగ్గర చూరు కింద నిలబడ్డారు. అతని చేతిలో గొడుగు ఉంది, అయినా విప్పలేదు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, వాన వైపు చూస్తూ అనేశాడు.

"మీరంటే నాకు ఇష్టమండీ. పెళ్ళి దాకా ఆలోచించేశాను. మీరు మాత్రం తొందరపడకండి."

ఆమె చెప్పాలనుకున్నది వేరే. "చూద్దామండీ," అంది చివరికి.

తొందరపడొద్దన్నవాడు మర్నాడు పొద్దున్నే, ఆలోచించారా అని అడిగాడు. మధ్యాహ్నం కాఫీ మిషన్ దగ్గర అడిగాడు. సాయంత్రం ఐసు డబ్బా అందుకుంటూ అడిగాడు. మొదట్లో ఆమె నుంచి ఒక మాట వచ్చేది, తర్వాత 'ఊ' వచ్చేది, ఆ తర్వాత తల ఊపడం కూడా మానేసింది. అడిగేకొద్దీ లోపల మాటలు పోగుపడుతున్నాయి, బయటికి మాత్రం ఒక్కటీ రావడం లేదు. రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. పగలు సూది కణంలోకి దిగేది కాదు. ఫోనులో అక్క విని విని విసిగిపోయింది.

"నువ్వు అవుననేలోపు అతనికి మనవలు పుడతారే. ఇష్టం లేకపోతే లేదని చెప్పు."

"ఇష్టమేనే అక్కా."

"అయితే ఆ ముక్క నాకెందుకే చెప్పడం?"

ఉన్నట్టుండి అతను అడగడం మానేశాడు. రంగుల గురించి జోకులు లేవు. డబ్బా తీసుకుని థాంక్సండీ అని వెళ్ళిపోయేవాడు. బల్ల దగ్గర కూర్చున్నా మోకాలు కదిలేది కాదు. స్క్రీన్ మీద గీత అద్దం మీద గీసినట్టు తిన్నగా నడిచింది. అంత చక్కటి గీత ఆమె ఎప్పుడూ చూడలేదు. చూస్తుంటే ఏడుపొచ్చింది.

శుక్రవారం మేడమ్ మాటల మధ్యలో చెప్పింది, అతను కింది అంతస్తులో వేరే పనికి మారతానని అడిగాడట. సోమవారం నుంచి వెళ్ళిపోతాడట. ఆ మాట విన్నప్పటినుంచి నిదానానికి కుర్చీ ముళ్ళకుర్చీ అయిపోయింది.

ఆ రోజే ఇంకో తంటా వచ్చిపడింది. అన్నిటికన్నా నీలం మూత గొట్టంలోనే రసాయనం ఎక్కువుందని అతను కొలిచి తెచ్చాడు. ఆమె రంగుల గుట్టు విప్పింది. ఊరికే ఉంచిన ముడి తెల్ల మూతది. అదేపనిగా తట్టి, అలిసిపోయాక కాసేపు వదిలేసిన ముడి నీలం మూతది. అలిసినదానిలో తక్కువుండాలి గానీ ఎక్కువెలా ఉంటుంది?

"మూతలు తారుమారయ్యాయేమోనండీ," అన్నాడతను మెల్లగా.

"నా చేతిలో తారుమారవ్వవు." ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీ కొలతే తప్పేమో చూసుకోండి."

మేడమ్ ఇద్దరినీ ఎగాదిగా చూసి, రేపు మళ్ళీ చెయ్యండి, ఈసారి మొదటినుంచి చివరిదాకా పక్కపక్కనే కూర్చోండి అని తేల్చేసింది.

శనివారం ప్రయోగశాలలో వాళ్ళిద్దరే ఉన్నారు. కిటికీ మీద వాన చిటపటలాడుతోంది. ఆమె సూది దింపింది. నాడిని తట్టింది, వెంట వెంటనే తట్టింది. మొదట్లో నిటారుగా లేచిన జవాబులు రాను రాను కుంగిపోయి, చివరికి గీత మీద చిన్న బొడిపెల్లా మిగిలాయి.

"అయిపోయింది పాపం," అన్నాడతను. "నేనూ ఇదే చేశానండీ. మిమ్మల్ని ఊపిరాడనివ్వలేదు. ఉన్న కాస్త ఇష్టం కూడా ఖాళీ అయిపోయి ఉంటుంది. అందుకే కిందికి వెళ్ళిపోతున్నాను."

ఆమె తట్టడం ఆపేసింది. చెయ్యి కరెంటు మీట మీదే ఉంచి, "ఆగండి," అంది.

ఇద్దరూ ఎదురుచూశారు. గీత తిన్నగా పోతూనే ఉంది. అతను లేవబోయాడు. కూర్చోండి అని కళ్ళతోనే చెప్పింది.

తర్వాత ఒక్కసారి, ఒకే ఒక్కసారి తట్టింది.

జవాబు మొదటిదాని కన్నా ఎత్తుకు ఎగిసింది.

అతను నోరు తెరుచుకుని స్క్రీన్ వైపు చూస్తుండిపోయాడు. ఆమె స్క్రీన్ తోనే మాట్లాడుతున్నట్టు, కూడబలుక్కుంటూ చెప్పింది. "తట్టినప్పుడల్లా ఇది ఇచ్చేస్తూనే ఉంది. ఇచ్చేకొద్దీ నింపుకోవడం కూడా జోరందుకుంది. కానీ నింపుకున్నది నింపుకున్నట్టే ఖర్చయిపోయింది. మనం తట్టడం ఆపాం, దాని జోరు వెంటనే ఆగలేదు. అందుకే ముందున్నదాని కన్నా ఎక్కువ పోగయింది. మూతలు తారుమారు కాలేదండీ."

అతనేదో అనబోయాడు. అంతలో స్క్రీన్ మీద గీత వణికింది.

ఇద్దరూ ఒక్కసారే అతని మోకాలి వైపు చూశారు. అది రాయిలా ఉంది. గీత మాత్రం వణుకుతూనే ఉంది.

అతను మెల్లగా బల్ల కిందికి వంగి చూశాడు. పైకి లేచేసరికి అతని ముఖం నిండా నవ్వు పాకుతోంది.

"కాలు ఆపండి," అన్నాడు.

"ఆగడం లేదండీ," అందామె. చెవులు ఎర్రబడ్డాయి. "మీరు వానలో ఒకటి అడిగారు."

"అడిగాను."

"దానికి అవును అని. అప్పుడే అవును. చెప్పడమే..."

సూది జారిపోయింది. గీత చప్పున మాయమైంది.

"పోయింది," అన్నాడతను, స్క్రీన్ వైపు చూడకుండానే.

"పోనీండి," అంది నిదానం.

అతను ఒక్క గంతులో తలుపు దగ్గరికి చేరాడు. తను కిందికి వెళ్ళడం లేదని మేడమ్‌కి ఈ నిమిషమే వాళ్ళింటికెళ్ళి చెప్పేయాలట. ఆమె వెనక్కి పిలిచింది. ముందు ఈ ముడిని ఐసులో వెయ్యకపోతే మేడమ్ ఇద్దరినీ కలిపి కిందికి పంపిస్తుందంది. అతను బుద్ధిగా వచ్చి డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. ఆమె నీలం మూత తీసుకుని గొట్టానికి బిగించింది. చెయ్యి స్థిరంగానే ఉంది. బల్ల కింద కాలు మాత్రం ఇంకా ఊగుతూనే ఉంది. ఆమె దాన్ని ఆపాలని అనుకోలేదు.